పాత గేమింగ్ కంప్యూటర్: ఏది మార్చాలి, ఏది ఉంచాలి?

పన్నెండో తరగతి పరీక్షలు ముగిసిన వేసవిలో చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది. "నాన్నా, కంప్యూటర్ బాగా స్లో అయిపోయింది, కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలి." గ్రాఫిక్స్ కార్డు అంటే ఏమిటో తండ్రికి తెలియదు, తెలిసినదల్లా దాని ధర. పిల్లవాడికి ధర కంటే ఆట ముఖ్యం. ఇద్దరి మధ్యా మాటా మాటా పెరుగుతుంది. డబ్బు ఉంటే ఖర్చవుతుంది, లేకపోతే మనసులు నొచ్చుకుంటాయి. అసలు లోపం ఎక్కడుందో మాత్రం ఎవరూ చూడరు.

ఈ వ్యాసం ఆ లోపాన్ని చూడడం గురించే. ఆటలు ఆడే కంప్యూటర్ మీదే చదువూ సాగుతుంది కనుక తల్లిదండ్రులు కూడా ఓపికగా చదవాలని మనవి.

ఒక ఇంటి సంగతి

మా అక్కయ్య వాళ్లు హోసూరులో ఉంటారు. 2024 మే నెలలో వాళ్లింటికి వెళ్లేసరికి మా మేనల్లుడు ఇంజినీరింగు సీటు కోసం ఎదురుచూస్తున్నాడు. వాడి కంప్యూటర్ 2015లో కొన్నది. ఇంటెల్ ఐ5 4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 మెమరీ, 500 జీబీ హార్డ్ డిస్క్, 2 జీబీ ఎన్‌విడియా జీటీఎక్స్ 750 టీఐ గ్రాఫిక్స్ కార్డు. కొన్న రోజుల్లో మంచి యంత్రమే. ఇప్పుడు స్విచ్ వేస్తే తెర నిలకడకు రావడానికి మూడు నిమిషాలు దాటుతోంది. జీటీఏ 5 ఆడుతుంటే బొమ్మ క్షణక్షణం ఆగిపోతోంది.

బావగారు కాలేజీ ఖర్చుల కోసం విడిగా దాచిన డబ్బులోంచి అతి కష్టం మీద 12,000 రూపాయలు తీసి పెట్టారు. అంతకు మించి పైసా లేదు. ఆ మొత్తం పెట్టి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలని వాడి పట్టు. "మామా, నువ్వైనా చెప్పు నాన్నకు" అన్నాడు. చెప్పే ముందు ఒకసారి చూద్దాం అన్నాను.

రోగం ఒకటి, మందు ఒకటి కాకూడదు

కంప్యూటర్ పనిని నలుగురు కూలీలు కలిసి చేసే పనిగా అనుకోండి. ప్రాసెసర్ లెక్కలు కడుతుంది. గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. మెమరీ ప్రస్తుతం కావలసిన సామగ్రిని చేతికి అందేలా ఉంచుతుంది. డిస్క్ గోదాములోంచి సామాను తెచ్చి ఇస్తుంది. నలుగురిలో ఒకడు వెనకబడితే మిగిలిన ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. వెనకబడినవాణ్ని వదిలేసి చురుకైనవాడి బదులు ఇంకా చురుకైనవాణ్ని తెస్తే పని వేగం పెరగదు, డబ్బు మాత్రం పోతుంది.

వెనకబడినది ఎవరో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. విండోస్ 10లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోట ప్రాసెసర్, మెమరీ, డిస్క్, గ్రాఫిక్స్ నాలుగూ ఎంత శాతం పనిచేస్తున్నాయో కనబడుతుంది. దాన్ని తెరిచి ఉంచి పావుగంట ఆట ఆడండి. బొమ్మ ఆగినప్పుడల్లా ఏ అంకె 100 దగ్గర ఉందో కాగితం మీద రాసుకోండి.

మా మేనల్లుడి కంప్యూటర్‌లో కనిపించింది ఇది: మెమరీ 95 శాతం, డిస్క్ 100 శాతం. గ్రాఫిక్స్ కార్డు మాత్రం 50, 60 శాతం మధ్యలో తిరుగుతోంది. వాడు మార్చాలన్న కార్డు సగం సేపు పనిలేక ఊరికే కూర్చుంది.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. ఆట సెట్టింగులలో రిజల్యూషన్ బాగా తగ్గించి చూడండి. ఆట వేగం పెరిగితే గ్రాఫిక్స్ కార్డు మీద భారం ఎక్కువగా ఉందన్నమాట. ఏమీ మారకపోతే కార్డు తప్పు కాదు, ప్రాసెసర్ వైపో మెమరీ వైపో చూడాలి.

మొదటి పని దుమ్ము దులపడం

తొమ్మిదేళ్లుగా తెరవని క్యాబినెట్ అది. ప్రాసెసర్ మీది ఫ్యాను రెక్కల కింద దుమ్ము దుప్పటిలా పేరుకుంది. వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఈ తరం ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ హద్దు సుమారు 100 డిగ్రీల సెల్సియస్. వాడి కంప్యూటర్ ఆట మధ్యలో 95 దాటుతోంది.

ప్లగ్గు పూర్తిగా తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, క్యాబినెట్ లోహాన్ని చేత్తో తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును పోగొట్టుకున్నాం. మెత్తని బ్రష్షుతో దుమ్ము దులిపాం. గాలి ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త థర్మల్ పేస్టు పెట్టాం. గడియారం తప్పు చూపిస్తోంది కనుక మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్లు కూడా మార్చాం. బ్రష్షు, పేస్టు, సెల్లు కలిపి 350 రూపాయలు. ఆట మధ్యలో వేడి 72 డిగ్రీలకు దిగింది.

మెమరీ: జాతి కలవాలి

4 జీబీ మెమరీలో విండోస్, బ్రౌజర్, ఆట మూడూ ఇమడవు. చోటు చాలనప్పుడు విండోస్ కొంత సామగ్రిని డిస్క్ మీదికి నెడుతుంది, కావలసినప్పుడు వెనక్కి తెస్తుంది. మెమరీ నిండినప్పుడు డిస్క్ కూడా 100 చూపడానికి ఒక కారణం ఇదే.

కొనేముందు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 వేరువేరు జాతులు. గాడి ఉండే చోటు వేరు, ఒకదాని బదులు ఇంకొకటి పట్టదు. రెండవది, ఒక పెద్ద ముక్క కంటే ఒకే రకమైన రెండు ముక్కలు మేలు. రెండూ జంటగా పనిచేస్తే సమాచారం రెండు దారుల్లో ప్రవహిస్తుంది. మూడవది, చవకగా దొరికే కొన్ని డీడీఆర్3 ముక్కలు ఏఎండీ బోర్డులలో మాత్రమే పనిచేస్తాయి. ఇంటెల్ బోర్డుకు పనికొస్తుందా అని అడిగి, దుకాణంలోనే పెట్టి చూపించమనండి.

హెచ్81 బోర్డులో మెమరీకి రెండే అరలు, గరిష్ఠం 16 జీబీ. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో వాడిన 8 జీబీ ముక్కలు రెండు కొన్నాం. 1,800 రూపాయలు అయింది.

హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ

సాధారణ డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు, అంటే సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలి. ఒక్కొక్క చిన్న ఫైలు కోసం ఇలా 10 నుంచి 15 మిల్లీసెకన్లు పోతాయి. ఎస్ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు. అదే పని అక్కడ సుమారు 0.1 మిల్లీసెకనులో అవుతుంది. వేల ఫైళ్లు తెరవాల్సిన చోట ఈ తేడా నిమిషాల్లో కనిపిస్తుంది.

ఎస్ఎస్‌డీ పెడితే ఆటలో బొమ్మల సంఖ్య పెరుగుతుందని ఆశించకండి. ఆట తెరుచుకునే సమయం తగ్గుతుంది, మధ్యలో ఆగిపోవడం తగ్గుతుంది. చదువు పనులు కూడా హాయిగా సాగుతాయి.

పాత బోర్డులకు 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ అడగాలి. గమ్ కడ్డీలా సన్నగా ఉండే ఎం.2 రకానికి హెచ్81 బోర్డులో నేరుగా చోటు ఉండదు. సాటా 6 జీబీపీఎస్ అని రాసి ఉన్న పోర్టుకే తగిలించాలి. 480 జీబీది 2,900 రూపాయలకు వచ్చింది. విండోస్, రెండు ఆటలు దాని మీద పెట్టి, పాత హార్డ్ డిస్క్‌ను ఫోటోలకు, సినిమాలకు ఉంచేశాం. అంతకు ముందే ముఖ్యమైన ఫైళ్లన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించుకున్నాం.

మొత్తం 5,050 రూపాయలు ఖర్చయింది. మూడు నిమిషాలు పట్టే పని అర నిమిషంలోపే అయింది. జీటీఏ 5 అదే పాత 750 టీఐ కార్డు మీద ఆగకుండా నడిచింది. మిగిలిన 6,950 రూపాయలు బావగారు మళ్లీ కాలేజీ డబ్బులో కలిపారు. వాడు కార్డు మాట ఆ నెల ఎత్తలేదు.

ఎస్ఎంపీఎస్ విషయంలో నేను నేర్చుకున్న పాఠం

కార్డు మార్చే ముందు చూడవలసినది ఎస్ఎంపీఎస్. గోడలోని కరెంటును కంప్యూటర్‌కు తగిన వోల్టేజీకి మార్చే డబ్బా ఇది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు.

2011లో నేను ఒక గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. దానికి విడిగా 6 పిన్నుల కరెంటు తీగ కావాలి. నా ఎస్ఎంపీఎస్‌లో ఆ తీగ లేదు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన డబ్బా అది. ఒక మార్పిడి తీగ కొని తగిలించాను. మూడో రోజు రాత్రి కాలిన వాసన వచ్చింది. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్క్‌ను తీసుకుపోయింది. డిస్క్‌లో నా ఎం.ఎస్సీ. ప్రాజెక్టు రిపోర్టు ఉంది. ఇంకెక్కడా నకలు లేదు. రెండు నెలల పని మళ్లీ చేశాను. తప్పు నాదే, డబ్బా మీది లేబుల్ నేను చదవలేదు.

ఆ లేబుల్ ఎలా చదవాలో చెబుతాను. పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉన్నా దాన్ని నమ్మవద్దు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూడండి. ప్రాసెసర్‌కు, కార్డుకు ఆధారం ఆ గడే. మా మేనల్లుడి డబ్బా మీద 14 ఆంపియర్లు అని ఉంది. 12ను 14తో గుణిస్తే 168 వాట్లు. ప్రాసెసర్ లెక్క 84 వాట్లు, 750 టీఐ లెక్క 60. రెండూ కలిస్తే 144. మిగిలిన 24 వాట్లలో ఫ్యానులు, డిస్కులు నడవాలి. అంటే బండి అప్పటికే అంచున నడుస్తోంది. 75 వాట్ల కార్డు పెడితే మిగిలేది 9 వాట్లు.

మదర్‌బోర్డులోని గ్రాఫిక్స్ అర నుంచి కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. అంతకు మించి కావలసిన కార్డులకు విడి తీగలు ఉంటాయి. 6 పిన్నుల తీగ 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు ఉద్దేశించినవి. ఎస్ఎంపీఎస్‌లోనే ఆ తీగ ఉంటే సరే, లేకపోతే అలాంటి కార్డు ఆ డబ్బాకు తగదని అర్థం. మార్పిడి తీగలతో సర్దుకోవద్దు.

గ్రాఫిక్స్ కార్డు: మానిటర్‌ను బట్టి

ఆరు నెలల తర్వాత, మొదటి సెమిస్టరు పరీక్షలు అయ్యాక, ఇంకా కొత్త ఆటల కోసం కార్డు అవసరం నిజంగానే వచ్చింది. ఈసారి టాస్క్ మేనేజర్‌లో 100 చూపించినది కార్డే.

ఎంత కార్డు కావాలన్నది మానిటర్ చెబుతుంది. 1366, 768 రిజల్యూషన్ ఉన్న పాత మానిటర్‌లో సుమారు 10.5 లక్షల చుక్కలు ఉంటాయి. 1920, 1080 ఉన్న దానిలో 20.7 లక్షలు. ప్రతి బొమ్మకూ కార్డు గీయవలసిన పని దాదాపు రెట్టింపు. పాత మానిటర్ ఉన్నవాళ్లకు ఇది ఒక విధంగా లాభం. చిన్న తెరకు పెద్ద కార్డు అక్కరలేదు.

బోర్డు వయసు కూడా చూడాలి. ఉదాహరణకు 2022లో వచ్చిన ఏఎండీ ఆర్ఎక్స్ 6400 కార్డుకు 53 వాట్లే చాలు, చూడడానికి పాత కంప్యూటర్లకు సరిగ్గా సరిపోయేలా ఉంటుంది. కాని అది బోర్డుతో నాలుగు దారుల్లోనే మాట్లాడుతుంది. కొత్త బోర్డులలో ఒక్కొక్క దారి వెడల్పుగా ఉంటుంది కనుక ఫరవాలేదు. హెచ్81 లాంటి పాత బోర్డులో ఒక్కొక్క దారి వెడల్పు అందులో నాలుగో వంతే. దాంతో కార్డు వేగం పడిపోతుంది. 2019లో వచ్చిన ఎన్‌విడియా జీటీఎక్స్ 1650 పదహారు దారులు వాడుతుంది, పాత బోర్డులోనూ ఇబ్బంది తక్కువ. ఇందులో విడి తీగ అక్కరలేని రకాలు ఉన్నాయి, అక్కర ఉన్నవీ ఉన్నాయి. చూసి కొనాలి.

డ్రైవర్ల సంగతి కూడా ఒకటుంది. 750 టీఐ, 1050 టీఐ తరాల కార్డులకు కొత్త ఆటల కోసం ఇచ్చే డ్రైవర్లను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ఆపేసింది. ఆ జాబితాలో 1650 లేదు. అందుకే ఇప్పుడు పాత కార్డు కొనేవారు ధర ఒక్కటే చూడకూడదు.

మావాడు మంచి 450 వాట్ల ఎస్ఎంపీఎస్ 2,300కు, వాడిన 1650 కార్డు 5,500కు కొన్నాడు. మొత్తం 7,800. మిగిలి ఉన్న 6,950 పోను, 850 రూపాయలు తన పాకెట్ మనీలోంచి వేసుకున్నాడు.

వాడిన కార్డు కొనేటప్పుడు

2022 సెప్టెంబరులో ఎథీరియం అనే డిజిటల్ నాణేన్ని తవ్వే పద్ధతి మారిపోయింది. అంతవరకు రాత్రింబగళ్లు ఆ పనిలో ఉన్న గ్రాఫిక్స్ కార్డులు సెకండ్ హ్యాండ్ బజారులోకి పెద్ద ఎత్తున వచ్చాయి. అవన్నీ చెడ్డవి అని కాదు. కాని ఫ్యానులు అరిగి ఉండవచ్చు, పేస్టు ఎండి ఉండవచ్చు.

చెన్నై రిచీ స్ట్రీట్ అయినా, ముంబయి లామింగ్టన్ రోడ్డు అయినా, బెంగళూరు ఎస్.పి. రోడ్డు అయినా పద్ధతి ఒకటే. దుకాణంలోనే కంప్యూటర్‌కు తగిలించి అరగంట ఆట నడిపించమనండి. తెర మీద గీతలు, రంగుల చుక్కలు వస్తే వదిలేయండి. జీపీయూ జెడ్ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టి కార్డు పేరు చూడండి. పాత కార్డుకు కొత్త పేరు పెట్టి అమ్మే మోసాలను అది చాలావరకు పట్టి చూపిస్తుంది. బిల్లు, కనీసం ఒక వారం మార్చుకునే మాట లేకుండా డబ్బు ఇవ్వకండి. మీ ఊళ్లో తెలిసిన మెకానిక్ ఉంటే రెండు వందలు ఎక్కువైనా అతని దగ్గర కొనడం మేలు.

ఇక్కడ చెప్పినవి 2024 నాటి ధరలు. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులను పెద్ద ఎత్తున కొనడంతో 2025 చివరి నెలల్లో మెమరీ, ఎస్ఎస్‌డీ ధరలు బాగా పెరిగాయి. కొనే రోజు నాలుగు చోట్ల అడిగి చూసుకోండి.

ఎక్కడ ఆగాలి?

పాత కంప్యూటర్ మీద పెట్టే ప్రతి రూపాయికీ ఒక ప్రశ్న వేయండి. ఈ భాగం తర్వాత కొనబోయే కంప్యూటర్‌లోకి వస్తుందా, లేక ఈ డబ్బాతోనే పోతుందా? ఎస్ఎస్‌డీ వస్తుంది. మంచి ఎస్ఎంపీఎస్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్, కీబోర్డు వస్తాయి. డీడీఆర్3 మెమరీ, పాత ప్రాసెసర్, పాత మదర్‌బోర్డు రావు. వచ్చే వాటి మీద కాస్త ధారాళంగా, రాని వాటి మీద పొదుపుగా ఖర్చు పెట్టండి. మా మేనల్లుడు పెట్టిన 12,850 రూపాయలలో డబ్బాతో పోయేవి మెమరీ, పేస్టు, సెల్లు. అంటే సుమారు 2,150. మిగిలిన 10,700 రూపాయల వస్తువులు వాడి వెంట నడుస్తాయి.

ప్రాసెసర్ వెనకబడితే అదే బోర్డుకు పట్టే వాడిన ఐ7 4790 పెట్టవచ్చు. ఆ బోర్డు ప్రయాణంలో దాదాపు చివరి మెట్టు అదే. దాన్ని దాటాలంటే ప్రాసెసర్, బోర్డు, మెమరీ మూడూ ఒకేసారి మార్చాలి. అది మరమ్మతు కాదు, కొత్త కంప్యూటర్ కొనడమే. అక్కడ ఆగి డబ్బు కూడబెట్టుకోవడం తెలివైన పని.

ఇంకో హద్దు విండోస్. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇళ్లలో వాడేవారు నమోదు చేసుకుంటే అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ అప్పుడు ప్రకటించింది. విండోస్ 11 జాబితాలో సాధారణంగా ఇంటెల్ ఎనిమిదో తరం, ఏఎండీ రైజెన్ 2000 శ్రేణి, ఆ పై ప్రాసెసర్లే ఉన్నాయి. నాలుగో తరం ఐ5 అందులో లేదు. అలాంటి కంప్యూటర్‌లో లినక్స్ ఉచితంగా పెట్టుకోవచ్చు. స్టీమ్‌లో చాలా ఆటలు దాని మీద నడుస్తాయి. వాలరంట్ లాంటివి నడవవు. బ్యాంకు పనులు, ఫీజుల చెల్లింపులు జరిగే కంప్యూటర్‌ను భద్రతా అప్‌డేట్లు లేకుండా వాడకండి.

కొన్ని కొత్త ఆటలకు ఏ మరమ్మతూ చాలదు. 2025 మేలో వచ్చిన డూమ్ ది డార్క్ ఏజెస్‌కు రే ట్రేసింగ్ సామర్థ్యం ఉన్న కార్డు తప్పనిసరి. 1650లో అది లేదు. ఆ ఆట కోసం పాత డబ్బా మీద డబ్బు పోయవద్దు. పాత ఆటలలో మంచివి కావలసినన్ని ఉన్నాయి.

దుకాణానికి వెళ్లే ముందు

విద్యార్థులారా, ఒక కాగితం మీద ఇవి రాసుకుని నాన్నగారికి చూపించండి. బోర్డు పేరు, మెమరీ జాతి. టాస్క్ మేనేజర్‌లో 100 చూపిన భాగం. ఎస్ఎంపీఎస్ 12 వోల్టుల గడిలోని ఆంపియర్లు. మానిటర్ రిజల్యూషన్. కొనబోయే వస్తువు తర్వాతి కంప్యూటర్‌కు వస్తుందా లేదా. వీటికి జవాబులు ఉంటే మీ కోరిక అల్లరిగా కాక లెక్కగా కనిపిస్తుంది.

తల్లిదండ్రులారా, ఆ కాగితం తెచ్చిన పిల్లవాడి మాట ఒకసారి వినండి. అడిగింది ఇవ్వలేకపోయినా, మొదటి మెట్టుకు ఐదారు వందలు ఇచ్చి దుమ్ము దులిపించండి. ఒక్కోసారి అంతకు మించి అవసరం ఉండదు.

మా మేనల్లుడు ఇప్పుడు ఇంజినీరింగు చదువుతున్నాడు. ఆటలూ ఆడుతున్నాడు. మా అక్కయ్య వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా బ్రష్షు, స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్తున్నాడు. వెళ్లిన చోటల్లా వాడు ముందుగా తెరిచేది టాస్క్ మేనేజరేనట.